దెయ్యం లేని బొమ్మ

ఆ పేరు ఝాన్సీలక్ష్మి పెట్టింది కాదు. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. గడిచిన నాలుగేళ్లలో కనబడ్డవాళ్లందరికీ చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టిన మాట ఇదే. ఆమె ఇంకా పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో, ఎక్కడో దూరదేశంలో కొందరు భౌతికశాస్త్రవేత్తలు వస్తువు వైపు చూడని కెమెరాతో ఆ వస్తువు బొమ్మ తీశారు. చూడకుండానే బొమ్మ వచ్చింది కదా అని దానికి సరదాగా ‘ఘోస్ట్ ఇమేజింగ్’ అన్న పేరు స్థిరపడిపోయింది. పేరు పెట్టినవాళ్లు హాయిగానే ఉండి ఉంటారు. శ్రీకాకుళంలో దాన్ని మోయవలసి వచ్చింది ఈమె.

ఝాన్సీలక్ష్మిది విజయనగరం. గంటస్తంభం దగ్గర వాళ్ల నాన్నకు పప్పుల కొట్టుండేది. కొట్లో కూర్చుని లెక్కల పుస్తకం చదువుకునే పిల్ల ఎమ్మెస్సీ ఫిజిక్సు దాకా వెళ్లింది. ఆ తరవాత శ్రీకాకుళంలో బట్టల వ్యాపారం చేసే కాశీవిశ్వనాథం గారి కోడలైంది. పొందూరు ఖద్దరు కావాలంటే ఊళ్లో చాలామంది వాళ్ల కొట్టుకే వస్తారు. భర్త ప్రదీప్ తండ్రితో పాటు కొట్టు చూసుకుంటాడు. ఆమె అరసవల్లి వెళ్లే దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. కూతురు హర్షిత బడికి అలవాటు పడ్డాక, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీలో చేరింది. విశాఖపట్నంలో ఉన్న గైడు ఆ అంశం ఇచ్చారు. ఆమెకు నచ్చింది. పేరు గురించి ఆలోచించనేలేదు.

గొడవ ఇంట్లోనే మొదలైంది. ఒకరోజు పొద్దున్న టిఫిన్లు చేస్తుండగా అత్తగారు అప్పలనరసమ్మ అడిగింది.

“దేని మీద సదువుతన్నావమ్మా? సుట్టాలు అడిగితే సెప్పడానికైనా ఉండాలి గదా.”

ఝాన్సీ ఇడ్లీ తుంచుతూ ఇంగ్లీషు పేరు చెప్పేసింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న ప్రదీప్ ఏ పాపమూ ఎరగనివాడిలా దాన్ని తెలుగు చేశాడు.

“దెయ్యాల బొమ్మలమ్మా.”

మర్నాడు ఆమె లంచ్ బ్యాగులో అన్నం గిన్నె పక్కన ఒక నిమ్మకాయ, పసుపు కుంకుమల పొట్లం కనిపించాయి. అమావాస్య దగ్గర పడగానే అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. “ఈయాల ఆ సీకటి గదిలోకి ఎల్లకు. తప్పదంటే ఎల్లు గాని, జడ ఇప్పుకోకు.”

“అత్తయ్య గారూ, అందులో దెయ్యం లేదండి. ఉత్త వెలుతురే.”

“నేదనే అంటారమ్మా అందరూ, ముందు.”

మావగారికి చెప్పి చూద్దామనుకుంది. ఆయన వ్యాపారి, లెక్క తెలిసిన మనిషి, అర్థమయ్యేలా చెబితే అర్థం చేసుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం వరండాలో ఆయన ఎదురుగా కూర్చుంది.

“మావయ్య గారూ, ఒక గోడుందనుకోండి. దానికి ఎక్కడో ఒక కన్నముంది. మీరు గోడ అవతల బక్కెట్టు పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడ్డారు. నేను ఇవతల నుంచి ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ నీళ్లు చల్లుతాను. ఎక్కడ చల్లానో నాకు తెలుసు. మీ బక్కెట్లో ఎన్ని నీళ్లు పడ్డాయో మీకు తెలుసు. కన్నం ఏ ఆకారంలో ఉందో నాకు తెలీదు, మీకూ తెలీదు. కానీ ఇద్దరం లెక్కలు కలిపి చూసుకుంటే కన్నం ఎక్కడుందో, ఎలాంటిదో బొమ్మ గీసేయొచ్చు. నా పని అదే. నీళ్ల బదులు వెలుతురు, బక్కెట్టు బదులు ఒక చిన్న సెన్సారు.”

కాశీవిశ్వనాథం శ్రద్ధగా విన్నాడు. తల పంకించాడు.

“అలగైతే నాను కళ్లెందుకు మూసుకోవాలి? తెరిసి సూస్తే కన్నం కనబడతాది గదా.”

ఝాన్సీ లేచి లోపలికి వెళ్లి గిన్నెలు తోముకుంది. ఆ పూట పనిమనిషి వచ్చి తోమేసిన గిన్నెలవి.

కాలేజీలో ఆమెకు ఇచ్చిన గది కెమిస్ట్రీ ల్యాబు వెనక పాత సామాన్లు పడేసే చోటు. గైడు మొదట లేజరుతో చెయ్యమన్నారు. లేజరు వెలుతురును గరుకు గాజు మీద పడేలా చేసి ఆ గాజును తిప్పితే, గోడ మీద ఆవాలు జల్లినట్టు చుక్కలు చుక్కలుగా పడి క్షణక్షణం మారిపోతుంది. ఆ చుక్కలే ఆమె చల్లవలసిన నీళ్లు. కానీ కాలేజీవాళ్లు లేజరు ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు తప్ప తెప్పించలేదు. చివరికి సెమినార్ హాల్లోంచి తీసి పారేసిన ప్రొజెక్టరును తెచ్చుకుంది. కంప్యూటరు నుంచి దానిలోకి నల్లవీ తెల్లవీ గళ్లు వేల రకాలుగా కలగాపులగంగా పంపుతుంది. ఆ గళ్ల వెలుతురు ఒక వస్తువు మీద పడుతుంది. వస్తువు అడ్డం రాని చోట వెలుతురు వెనక్కి పోయి సెన్సారులో పడుతుంది. సెన్సారు కందిగింజంత. అది ‘ఎంత’ అని చెబుతుంది గానీ ‘ఎక్కడ’ అని చెప్పదు. వెలుతురు ఎక్కువ పడినప్పుడల్లా ఆ గళ్ల నమూనాకు ఎక్కువ విలువ, తక్కువ పడితే తక్కువ విలువ ఇచ్చుకుంటూ అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చితే, వస్తువు నీడ తేలాలి.

తేలలేదు. అట్టముక్కలో ‘అ’ అక్షరం కత్తిరించి పెట్టింది. కంప్యూటరు తెర మీద ఎప్పుడు చూసినా బూడిద రంగు గంజి. లెక్కలు మళ్లీ చేసింది. సెన్సారు మార్చింది. గైడుకు ఫోను చేస్తే, “ఓపిక పట్టమ్మా,” అన్నారు. ఓపిక పట్టమని చెప్పడానికి గైడు దేనికి, అత్తగారే చాలు.

ఒక ఏడాది అలా పోయాక ఒకరోజు సెన్సారు అంకెలు చూస్తుండగా ఒక సంగతి కళ్లబడింది. వెనక క్యాంటీన్లో గ్రైండరు వేసినప్పుడల్లా అంకెలన్నీ ఒక్కసారి కిందికి దిగుతున్నాయి. మోటారు ఆగగానే మళ్లీ లేస్తున్నాయి. కరెంటు కొంచెం తగ్గితే ప్రొజెక్టరు దీపం కొంచెం మందగిస్తోంది. కంటికి తెలియదు. సెన్సారుకు తెలుస్తోంది. ఏడాదిగా ఆమె పట్టుకున్నది అక్షరం నీడ కాదు, క్యాంటీన్ ఇడ్లీపిండి రుబ్బుడు.

క్యాంటీన్ అతన్ని గ్రైండరు కాసేపు ఆపమని అడిగింది. “దెయ్యాలకి సప్పుడు పడదా మేడం?” అన్నాడతను.

ఇక అడగడం మానేసి, రెండో సెన్సారు తెచ్చి, వస్తువు దాకా పోకుండానే వెలుతురులో కొంత దాని మీద పడేటట్టు పెట్టింది. దీపం ఎంత మందగించిందో అది చెబుతుంది. మొదటి సెన్సారు అంకెను రెండోదానితో భాగిస్తే దీపం తప్పు పోయి, వస్తువు సంగతి ఒక్కటే మిగులుతుంది. ఆ మధ్యాహ్నం గ్రైండరు తిరుగుతూనే ఉంది. తెర మీద గంజి నెమ్మదిగా ఒక పక్కకు చేరి గడ్డకట్టి, మొదట ఒక వంపు, తరవాత ఒక సున్న, చివరికి ‘అ’ అయింది. ఝాన్సీ కుర్చీలో వెనక్కి వాలింది. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. చూపిస్తే ఏమంటారో తెలుసు కనక ఎవరినీ పిలవలేదు.

అసలు కష్టం ఆ తరవాత వచ్చింది. అడ్మిషన్ల కాలంలో కాలేజీ గురించి నాలుగు ముక్కలు రాయడానికి దేవేంద్ర అనే విలేకరి వచ్చాడు. కాలేజీ కరస్పాండెంటు జగన్నాధం గారు అతన్ని స్వయంగా ఝాన్సీ గదికి తీసుకొచ్చారు. ఆమె గోడ, కన్నం, బక్కెట్టు అన్నీ మళ్లీ చెప్పింది. దేవేంద్ర బుద్ధిగా తలాడించాడు. మర్నాడు జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో ‘దెయ్యాల ఫొటోలు తీసే యంత్రం: సిక్కోలు అధ్యాపకురాలి ఘనత’ అని పడింది.

ఆ వారంలోనే ఏడురోడ్ల జంక్షన్లో ఫ్లెక్సీ లేచింది. ఒక పక్క ఝాన్సీ పాస్‌పోర్టు ఫొటో, ఇంకో పక్క నవ్వుతున్న అస్థిపంజరం, మధ్యలో కాలేజీ ఫోను నంబరు. ఆమె తిన్నగా కరస్పాండెంటు గదిలోకి వెళ్లింది.

“సార్, ఆ ఫ్లెక్సీ తీయించండి. నేను దెయ్యాల మీద పని చెయ్యట్లేదు. కాంతి మీద చేస్తున్నాను.”

“కాంతి అంటే ఎవడొస్తాడు మేడమ్? కాంతి అందరి ఇళ్లలోనూ ఉన్నాది.” జగన్నాధం గారు టీ తెప్పించారు. “మీకు పేరొచ్చింది, కాలేజీకి పేరొచ్చింది. కోపమెందుకు సెప్పండి?”

మనుషులు రావడం మొదలుపెట్టారు. ఒకాయన కొత్తగా కొనబోయే ఇంటిని ఒకసారి ‘స్కాను చేసి’ చెప్పమన్నాడు. ఇంకొకావిడ కోడలికి పట్టింది ఏ రకం దెయ్యమో ఫొటోలో తేలితే మంచిదంది. ఒక మంత్రగాడు వచ్చి, తమ వృత్తిలోకి చదువుకున్నవాళ్లు దిగడం ఏం న్యాయమని నిలదీశాడు. ఝాన్సీ అందరికీ ఒకటే చెప్పింది, ఇందులో దెయ్యం లేదని. లేదని ఆమె ఎంత గట్టిగా అంటే, ఆవిడ ఏదో దాస్తోందని వాళ్లకు అంత నమ్మకం కుదిరింది.

చివరికి జగన్నాధం గారే ఒక ఉపాయం చెప్పారు. వచ్చే ఆదివారం అందరినీ పిలిచి ప్రదర్శన పెడదాం, వాళ్లే చూసి తెలుసుకుంటారు కదా అని. ఝాన్సీకి అది నిజంగానే బాగుందనిపించింది. కళ్లతో చూస్తే ఎవరైనా నమ్మక చస్తారా అనుకుంది.

ఆ ఆదివారం పొద్దున్న ఆమె వెళ్లేసరికి ల్యాబు మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు బుల్లమ్మ, నౌపడ నుంచి రైల్లో వచ్చింది. ఉప్పు మడుల్లో పని చేసి చేసి అరికాళ్లు తెల్లగా పగిలి ఉన్నాయి. బొడ్లో సంచి లోంచి అడకత్తెర తీసి వక్క కత్తిరించుకుంటోంది.

“మా ఆయన్ని సూపిస్తారని వొచ్చినాను తల్లీ. దాలయ్య. పోయి రెండేళ్లయినాది. ఫోటో ఒకటీ నేదు ఆడిది.”

ఝాన్సీకి నాలిక చివరిదాకా వచ్చిన విసుగు అక్కడే ఆగింది. పక్కన మెట్టు మీద కూర్చుంది.

“అమ్మా, ఇందులో దెయ్యాలు కనబడవు. పోయినవాళ్లు కనబడరు. వెలుతురుకి అడ్డంగా ఏదైనా వస్తువు పెడితే దాని నీడ కనబడుతుంది, అంతే.”

బుల్లమ్మ వక్క నోట్లో వేసుకుంది. “ఆ మాట ముందే సెప్తే రైలెక్కీదాన్ని కాదు గదమ్మా.”

“చెప్తూనే ఉన్నానమ్మా. మూడేళ్లనుంచి చెప్తూనే ఉన్నాను. ఎవరూ వినట్లేదు.”

బుల్లమ్మ ఆమె మొహం వంక చూసింది. “పోనీలే. ఎలగూ వొచ్చినాను. బండి సాయంత్రం గాని నేదు. అదేదో సూసే ఎల్తాను.”

పది గంటలయ్యేసరికి గది నిండిపోయింది. సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని అటునుంచి అటే ఆటోల్లో దిగినవాళ్లు కొందరు, ప్రసాదం పొట్లాలతోనే వచ్చారు. కాశీవిశ్వనాథం కొట్లోంచి పొందూరు ఖద్దరు పంచె ఒకటి పంపించాడు. ఝాన్సీ దాన్ని మూడు మడతలు వేసి, వస్తువు పెట్టే చోటుకూ సెన్సారుకూ మధ్య తెరలా కట్టింది.

“ఇటు చూడండి. ఈ గుడ్డ అవతల నుంచి ఏదీ కనబడదు. ఇక్కడ కెమెరా పెట్టినా తెల్లగా మబ్బులా వస్తుంది తప్ప బొమ్మ రాదు. సెన్సారుకి ఆ మబ్బే చాలు. వెలుతురు ఎంత పడిందో తెలిస్తే చాలు, ఎటునుంచి పడిందో దానికి అక్కర్లేదు. మీలో ఎవరైనా ఒక వస్తువు తెచ్చి ఆ గాజుపలక మీద పెట్టండి. నేను అటు తిరిగి నిలబడతాను. అదేంటో నాకు కూడా తెలియకూడదు.”

జగన్నాధం గారు జేబులోంచి అట్టతో చేయించిన పుర్రె బొమ్మ తీశారు. ఆమె కళ్లు చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. జనంలో ఎవరూ కదల్లేదు. తమ వస్తువును దెయ్యం గదిలో పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. వెనక నుంచి బుల్లమ్మ లేచి, బొడ్లో సంచి తడుముకుంటూ తెర చాటుకు వెళ్లి, ఏదో పెట్టి వచ్చి కూర్చుంది.

తలుపులు మూశారు. ప్రొజెక్టరు గళ్లు గబగబా మారసాగాయి. వచ్చినవాళ్ల టిఫిన్లకని క్యాంటీన్లో గ్రైండరు ఆదివారం కూడా తిరుగుతోంది. గోడ మీద పెద్ద తెరలో మొదట ఎప్పటిలాగే బూడిద గంజి. జనం ఆవులించారు. తరవాత మధ్యలో ఒక చోట నలుపు దిగింది. అది కిందికి రెండు పాయలుగా చీలింది. పైన ముద్దగా ఒక గుండ్రం తేలింది.

తలా, చాపిన రెండు కాళ్లూ, మధ్యలో నడుమూ ఉన్నట్టే ఉంది. గళ్లు పెద్దవి కావడం వల్ల అంచులన్నీ మొద్దుబారిపోయాయి.

“మడిసి,” అన్నారెవరో మెల్లగా.

“కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు, సూడు.”

“తల వంచినాడు.”

ముందు వరసలో ఇద్దరు లేచారు. కుర్చీ ఒకటి పడింది. అంతే, గది గదంతా తలుపు వైపు కదిలింది. ఝాన్సీ లైట్లు వెయ్యమని అరిచింది. ఎవరికీ స్విచ్చి దొరకలేదు. ఆ చీకట్లో, జనంతో పాటు వచ్చి కూర్చున్న విలేకరి దేవేంద్ర ఫోను మాత్రం తెర వైపు ఎత్తి ఉంది, ఒకదాని తరవాత ఒకటి ఫొటోలు తీస్తోంది.

“అది మా ఆయన అడకత్తెర,” అంది బుల్లమ్మ కూర్చున్న చోటునుంచే. ఎవరూ వినలేదు. ఆవిడ ఇంకొంచెం గొంతు పెంచింది. “ఒరే, అడకత్తెరరా. ఎందుకు పరిగెడతన్నారు?”

తలుపు తెరుచుకునే వేళకి ఆ మాట ఇంకోలా బయటికి వెళ్లిపోయింది. మెట్ల మీద ఒకతను మరొకతనికి చెబుతున్నాడు, “ఆవిడ మొగుడే. గుర్తుపట్టేసింది.”

గది ఖాళీ అయింది. ఝాన్సీ పడిపోయిన కుర్చీలు లేపింది. గాజుపలక మీంచి అడకత్తెర తీసి బుల్లమ్మకు ఇచ్చింది. తెర మీద బొమ్మ ఇంకా ఉంది. ఏ కోణం నుంచి చూసినా అది అడకత్తెరే. కాళ్లు పిడులు, తల అని వాళ్లు అనుకున్నది రెండు రేకులు కలిసే మర. అది ఆమె తీసినవాటిలోకెల్లా మంచి బొమ్మ. మూడు మడతల గుడ్డ అవతలినుంచి, గ్రైండరు తిరుగుతుండగా, తనకు తెలియని వస్తువు బొమ్మ అది. దాన్ని చూసి మెచ్చుకోవాల్సినవాళ్లందరూ అప్పటికి ఆటోల్లో ఉన్నారు.

ఆమె బుల్లమ్మను స్కూటీ మీద ఎక్కించుకుని స్టేషనుకు బస్సు దొరికే చోట దింపింది. దిగాక బుల్లమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉన్నట్టుండి నవ్వింది.

“ఆడే గాని ఉంటేనా, పొట్ట పట్టుకుని నవ్వీవోడు. తన అడకత్తెరకి ఇంతమంది దడుసుకున్నారంటే, సచ్చేదాకా ఊరంతా సెప్పుకునీవోడు.”

ఝాన్సీకి కూడా నవ్వొచ్చింది. ఆ రోజుకి అదొక్కటే నవ్వు.

మర్నాడు పేపర్లో ‘యంత్రంలో చిక్కిన ఛాయ: భర్తను గుర్తించిన భార్య’ అని వచ్చింది. ఝాన్సీ దేవేంద్రకు ఫోను చేసి, సవరణ వెయ్యకపోతే అతని ఆఫీసుకే వస్తానంది. వేశాడు. లోపలి పేజీలో, నూనె ప్రకటన కింద, అగ్గిపెట్టంత చోటులో. దాని శీర్షిక ‘దెయ్యం చేతిలో అడకత్తెర’. ఆమె పేపరు మడిచి, మళ్లీ విప్పి, చదివి, మళ్లీ మడిచింది. ఫ్లెక్సీ తీయకపోతే ఉద్యోగం మానేస్తానని జగన్నాధం గారికి రాసిచ్చింది. ఆయన ఉసూరుమంటూ తీయించారు. ఆ ఏడు ఫిజిక్సు గ్రూపులో సీట్లన్నీ నిండాయి. మొదటి రోజు క్లాసులో ఒక అమ్మాయి లేచి దెయ్యం ప్రాక్టికల్ ఏ సెమిస్టరులో ఉంటుందని అడిగింది.

థీసిస్ పేరులో ‘ఘోస్ట్’ తీసేసి వేరే మాట పెట్టుకుంటానని విశ్వవిద్యాలయానికి అర్జీ పెట్టింది. నమోదైన పేరు మార్చడం కుదరదని జవాబొచ్చింది. సరేనని అదే పేరుతో రాసి ఇచ్చింది. అడకత్తెర బొమ్మ నాలుగో అధ్యాయంలో ఉంది.

వైవా రోజున బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నెమ్మదస్తుడు. కళ్లజోడు తుడుచుకుంటూ, “ఈ రెండో సెన్సారు ఆలోచన బాగుందమ్మా. దీపం మరీ తొందరగా మిణుకుతుంటే కూడా ఇది పనిచేస్తుందా? ఎంత వేగం దాకా?” అని అడిగారు.

ఝాన్సీ కుర్చీ ముందుకు జరుపుకుంది. నాలుగేళ్లలో ఒక మనిషి ఆమెను వెలుతురు గురించి అడగడం అదే మొదలు. కొన్ని మంచినీళ్లు తాగి, ఆ తరవాత ఆపమనేదాకా చెబుతూనే పోయింది.

డాక్టరేటు వచ్చింది. ప్రదీప్ కొట్లో అందరికీ స్వీట్లు పంచాడు. కాశీవిశ్వనాథం కోడలి పేరు ముందు ‘డాక్టర్’ చేర్చి గుమ్మానికి ఇత్తడి పలక చేయించాడు. అది చూసి ఒకరిద్దరు జ్వరాలతో వచ్చారు. వాళ్లను పక్క వీధిలో అసలు డాక్టరు దగ్గరికి పంపింది.

ఇప్పుడామె పొగమంచు మీద పని చేస్తోంది. చలికాలం తెల్లవారుజామున హైవే మీద లారీని లారీ గుద్దే జిల్లా ఇది. ఎట్టకేలకు లేజరు కూడా వచ్చింది. లేజరు వెలుతురుకు ఒక క్రమమైన లయ ఉంటుంది. పంపేముందు అందులో కొంచెం దగ్గర ఉంచుకుని, మంచులోంచి తిరిగొచ్చినదాన్ని దానితో కలిపి చూస్తే, తన లయ తప్పనిది ఏదో, దారిలో చెదిరిపోయిందేదో విడదీయొచ్చు. ఎదురుగా వచ్చే లారీ దీపాల వెలుతురులోంచి కూడా తన వెలుతురును ఏరుకోవచ్చు. ఈసారి పని పేరు ఎవరికీ ఇంగ్లీషులో చెప్పకూడదని నిర్ణయించుకుంది.

మొన్న కాలేజీకి వెళ్తుంటే ఆటోవాడు అద్దంలోంచి చూసి గుర్తుపట్టాడు.

“మేడం, ఇప్పుడేటి సేస్తన్నారు?”

“పొగమంచులో రోడ్డు కనబడేలా చేసే పని బాబూ. అంతే. వేరే ఏమీ లేదు.”

అతను మలుపు తిరిగాడు.

“అయితే మేడం, ఈ ఏడు తుఫాను ఎప్పుడొస్తాదో కూడా అందులో తెలిసిపోద్దా?”

ఝాన్సీలక్ష్మి బ్యాగు ఒళ్లోకి లాక్కుని, కళ్లు మూసుకుంది. కాలేజీ గేటు వచ్చేదాకా తెరవలేదు.